పడమటి గోడ మీద ముప్పై ఎనిమిది కాగితాలు

జూన్ 4

ప్రియమైన తమ్ముడికి,

అక్క ఆశీస్సులు. నువ్వూ మరదలూ క్షేమమని తలుస్తాను. నేను క్షేమమే. నా నెత్తి మీద కప్పు మాత్రం క్షేమం కాదట. ఆ సంగతి నాకు మీ భవనాల శాఖవాళ్లే చెప్పారు.

నిన్న పొద్దున కిందికి దిగి వీధి తలుపు తీసేసరికి దాని మీద నోటీసు ఉంది. వాళ్లకి కాగితం అంటించడం కూడా రాదురా, నాలుగు మూలలా బుడగలే. ఈ భవనం ప్రమాదకరమట, అరవై రోజుల్లో అందరం ఖాళీ చేయాలట, ఆ తర్వాత కూల్చేస్తారట. నోటీసు వెనక మూడు పేజీల రిపోర్టు కుట్టి ఉంది. అందులో మాటలు నీకు ఉన్నవున్నట్టు రాస్తున్నాను: "రెండో అంతస్తు పడమటి గోడలోని పగులు ఏటేటా పెరుగుతున్నది. నివాసులు మాటిమాటికీ అతుకులు వేసి దానిని కప్పిపుచ్చుతున్నారు." ఇంకోచోట, "భవన చరిత్ర: చెప్పుకోదగ్గదేమీ లేదు."

నేను కప్పిపుచ్చుతున్నానట! చదివి నాకు ఒళ్లు మండిపోయింది. రెండో అంతస్తు పడమటి గోడ అంటే నా గోడేగా. నెల కిందట ఎవరో ఒకతను వచ్చి, మెట్ల మీదే నిలబడి, నా తలుపులోంచి నాలుగు ఫోటోలు తీసుకుని పోయాడు. లోపలికి రమ్మంటే బూట్లకి దుమ్మంటుకుంటుందన్నట్టు చూశాడు. పది నిమిషాలు కూడా లేడు. ఆ ఫోటోలు చూసి ఎవరో మహానుభావుడు కూర్చున్నచోటే ఈ రిపోర్టు రాసేశాడు. కింద ఒక సంతకం గిలికి ఉంది, పేరు లేదు.

మిగతావాళ్ల సంగతి చెప్పాలంటే, కింద టైలరు మామయ్య నోటీసు చదివి, చొక్కా చేతికి గుండీలు కుట్టడం ఆపకుండానే "నేను కదలనమ్మా" అన్నాడు. గడియారాలు బాగుచేసే తాతగారికి చెవుడు కదా, మూడుసార్లు చెప్పాక, "అరవై రోజులా? నా దగ్గరున్న రిపేర్లకే తొంభై పడుతుంది" అన్నాడు. టైపు టీచరమ్మ మాత్రం ఏడ్చింది. ఏడ్చి, కళ్లు తుడుచుకుని, అభ్యంతరం ఎలా రాయాలో అడిగింది. జులై 24న విచారణ ఉందట.

నువ్వు హెడ్డాఫీసులోనే ఉన్నావు. ఈ శాఖలో ఇంజనీరువి. రాసినవాడెవడో కనుక్కుని నాకు రాయి. కొట్టనులే, కూర్చోబెట్టి గోడ చూపిస్తాను.

ఫోను చేయకు. నాకు ఉత్తరమే కావాలి. ఫోనులో నోటికి ఏదొస్తే అది అనేస్తాం, రాసేటప్పుడు చేయి కాస్త ఆలోచిస్తుంది.

నీ అక్క

*

జూన్ 15

ప్రియమైన అక్కకు,

నీ ఉత్తరం అందింది. జవాబు ఆలస్యమైనందుకు ఏమీ అనుకోకు. ఇక్కడ ఊపిరాడని పని.

అక్కా, కోపం వచ్చినా సరే, మనసులో మాట చెప్తున్నాను. ఆ భవనం ముసలిది. ఎన్నాళ్లని నిలబడుతుంది? మెట్లు ఎక్కేటప్పుడు నీ మోకాళ్లు పట్టేస్తున్నాయని నువ్వే అన్నావు. కొత్త మార్కెట్టులో కింది అంతస్తులో గది ఇస్తారు, నేను మాట్లాడతాను. లేదంటే మా దగ్గరికి వచ్చేయ్. నీ మరదలు నీకోసం గది సర్దుతానంటోంది. బైండింగు పని ఇక్కడైనా చేసుకోవచ్చు.

రిపోర్టు రాసినవాడి సంగతి అడిగావు. ఇక్కడ రోజుకి పదుల ఫైళ్లు కదులుతాయి, సంతకాలు చాలామంది పెడతారు. ఎవరని వెతకను? వెతికినా ఒరిగేదేమిటి? వాడూ ఏదో తన పని తాను చేసి ఉంటాడు. అనుమానం ఉన్నప్పుడు ప్రమాదమనే రాయాలి, రేపు కూలితే అడిగేది వాణ్నే కదా.

గోడ పుస్తకం కాదు అక్కా, కాగితం అంటిస్తే బాగుపడడానికి. పట్టుదలకు పోయి ఆరోగ్యం పాడుచేసుకోకు.

నీ తమ్ముడు

*

జూన్ 22

ఒరేయ్ జిగురుగా,

చిన్నప్పటి పేరు పెట్టి పిలిచానని ముఖం ముడుచుకోకు. ఇంజనీరుగారు అని రాద్దామనుకున్నాను, చేయి రాలేదు.

నా మోకాళ్ల సంగతి నా మోకాళ్లు చూసుకుంటాయి. నువ్వు గోడ సంగతి విను. చరిత్ర చెప్పుకోదగ్గదేమీ లేదన్న ఆ పెద్దమనిషికి కూడా వినిపించు, ఎక్కడైనా కనబడితే.

ఇది మొదట బట్టల బేళ్ల గిడ్డంగి. అందుకే వీధి తలుపు బండి పట్టేంత వెడల్పు. నా గదిలో దూలానికి ఉన్న ఇనప కొక్కెం బేళ్లు పైకి లాగడానికి వేసింది. ఆ తర్వాత ఊళ్లో విషజ్వరాలు వచ్చినప్పుడు దీన్ని ఆసుపత్రి చేశారు. స్తంభాల మీద సున్నం గీకితే మంచాల నంబర్లు ఇంకా బయటపడతాయి. నేను పద్నాలుగుకీ పదిహేనుకీ మధ్య కూర్చుని పుస్తకాలు కుడుతున్నాను. బేళ్ల కొక్కేనికి అప్పుడు లాంతరు వేలాడదీశారు.

జ్వరాలు తగ్గాక ఆడపిల్లల బడి. కిటికీల కింది గోడ జానెడు కొట్టేసి పిల్లలకి వెలుతురు వచ్చేలా చేశారు. ఉత్తరపు గోడకి నల్లరంగు పూసి బోర్డు చేశారు, నేను ఇప్పటికీ దాని మీదే లెక్కలు రాసుకుంటాను. లాంతరు తీసేసి అదే కొక్కేనికి గంట కట్టారు. బడి కొత్త భవనానికి పోయాక అచ్చాఫీసు వచ్చింది, కొక్కేనికి తాడు కట్టి తడి కాగితాలు ఆరేశారు. కింది నేలలో ఇంకిన సిరా ఎన్నిసార్లు కడిగినా పోదు, టైలరు మామయ్య తెల్లబట్ట నేల మీద పెట్టడు. తర్వాత వాళ్లు కిందికే సర్దుకుని పై గది వదిలేస్తే, అచ్చాఫీసు పక్కన ఉంటే పని దొరుకుతుందని నాన్న ఈ గది తీసుకున్నాడు. ఇప్పుడు ఆ కొక్కేనికి నా దీపం ఉంది.

పోయిన ఏడాది ఒక ముసలావిడ తన పాత పుస్తకమొకటి బైండింగుకి తెచ్చింది. గది మధ్యలో ఆగిపోయి, పుస్తకాలు అదిమే నా ప్రెస్సు ఉన్నచోటు చూపించి, "మా బెంచీ ఇక్కడే ఉండేదమ్మా" అంది. ఆవిడ ఈ బడిలో చదివి నర్సయి, ముప్పై ఏళ్లు రోగుల్ని చూసింది. ఇదేదీ చెప్పుకోదగ్గది కాదట!

ఇక పగులు. మనం గదిలోకి వచ్చిన రోజు గుర్తుందా? నీకు ఏడేళ్లు. యజమాని "ఈ పగులు గోడతోపాటే పుట్టింది, కదలదు" అన్నాడు. నాన్న, "మీ మాట నమ్మనండీ, కాగితాన్ని నమ్ముతాను" అని, సన్నటి బైండింగు కాగితం పట్టీ కత్తిరించి, పగులుకి అడ్డంగా అంటించాడు. జిగురు రెండు చివర్లకే, మధ్యలో చుక్క కూడా తగలకూడదు. గోడ జరిగితే కాగితం చిరుగుతుంది. బాగుచేసిన ప్రతి పుస్తకం వెనక తారీకు వేసినట్టే దాని మీదా తారీకు వేశాడు. "వచ్చే ఏడాదికి ఇది చిరిగిందంటే మూటాముల్లే సర్దేద్దాం" అన్నాడు. జిగురు గిన్నె పట్టుకున్నది ఎవరురా? మోచేతుల దాకా పూసుకుని, జుట్టుకి కూడా పట్టించుకుని, ఆ రోజు నుంచి జిగురుగాడివయ్యావు.

అప్పటి నుంచి ఏటా జులై ముప్పై ఒకటిన ఒక పట్టీ. పాతది తీసేది లేదు, దాని కిందే కొత్తది. నాన్న పోయాక నేను అంటిస్తున్నాను. ఇప్పటికి ముప్పై ఎనిమిది. రిపోర్టులో అతుకులంటే ఇవే.

నీకు తెలియనిది ఒకటుంది. నువ్వు పైచదువుకి వెళ్లిన ఏడాది అచ్చాఫీసు మూసేసి, కింద లోపలి గుమ్మం పగలగొట్టి పెద్ద మిషను బయటికి లాగారు. ఆ రోజు భవనమంతా అదిరింది. అప్పటిదాకా అంటించిన పదకొండు పట్టీలూ ఒక్కసారే చిరిగాయి. నాన్న ముఖం చూడలేకపోయాను. మూట సర్దుతాడనుకున్నాను. రెండు వారాలు ఆ గోడ ముందే కూర్చుని, చివరికి ఇంకో పట్టీ అంటించి, "ఒక్క ఏడాది చూద్దాం" అన్నాడు. నీకు రాయొద్దన్నాడు, చదువు మానేసి వస్తావని. ఆ పట్టీ చిరగలేదు. ఆ తర్వాతవీ చిరగలేదు.

విచారణలో మేము గోడ ఫోటోలు చూపించాలట. "ఆ చిరిగిన పదకొండూ గీకేయమ్మా, చూస్తే మన కొంప మునుగుతుంది" అంటున్నాడు మామయ్య. నిన్న కత్తి పట్టుకుని గోడ దగ్గరికి వెళ్లాను కూడా. వాటి మీద నాన్న చేతిరాత ఉంది. గీకాలా వద్దా? నువ్వు చదివిన చదువు ఏం చెప్తుందో చెప్పు.

నీ అక్క

*

జూన్ 28

అక్కా,

కత్తి కింద పెట్టెయ్. ఈ ఉత్తరం అందేలోపే గీకేసి ఉంటావేమోనని రాసిన వెంటనే పోస్టు చేస్తున్నాను.

చిరిగిన పదకొండే నీకు అసలు బలం. అన్నీ చెక్కుచెదరకుండా ఉంటే "కాగితం సాగుతుంది, గోడ జరిగినా తెలియదు" అంటారు, నీ దగ్గర జవాబుండదు. ఆ రోజు గోడ కదిలింది, కాగితం చిరిగింది. అంటే గోడ కదిలితే కాగితం ఊరుకోదని తేలిపోయింది. ఆ తర్వాత ఇరవై ఏడేళ్లు ఒక్కటీ చిరగలేదంటే, ఇరవై ఏడేళ్లు ఆ గోడ కదల్లేదు. మేము ఇదే పని గాజు పట్టీలతో చేస్తాం. పగులుకి అడ్డంగా అతికించి, ఆరు నెలలు చూసి, శాస్త్రీయ పరిశీలన అని పెద్ద పేరు పెట్టుకుంటాం. నాన్న ముప్పై ఎనిమిదేళ్లు చూశాడు, నీ చేత్తో కలిపి.

కొలత టేపు ఒకటి గోడకి నిలువునా అంటించి, ప్రతి పట్టీకీ దగ్గర నుంచి ఫోటో తీయించు. తారీకు స్పష్టంగా పడాలి. గడియారాల తాతగారి భూతద్దం పెట్టి పట్టీల అంచులు చూడు, సన్న చీలిక ఉన్నా రాసిపెట్టు, దాచకు. గోడకి రంగు వేయించకు. ఎవర్నీ తాకనివ్వకు.

రాసినవాడి ముందు ఆ రోజు నలభై ఫైళ్లు ఉన్నాయి అక్కా. ఫోటోలో తెల్లటి అతుకులు చూసి సిమెంటు అనుకున్నాడు. ఏటా పగులు విచ్చుకుంటుంటే మీరు పూడుస్తున్నారనుకున్నాడు. అది పెద్ద తప్పే.

మాకు ఇక్కడ బాగానే ఉంది. నిద్ర సరిగా పట్టడం లేదు, అంతే.

నీ తమ్ముడు

*

జులై 10

ప్రియమైన తమ్ముడికి,

కత్తి నీ ఉత్తరం కోసం ఆగింది. పదకొండూ అలాగే ఉన్నాయి.

నువ్వు చెప్పినట్టే అన్నీ చేశాం. తాతగారు భూతద్దం కంటికి పెట్టుకుని రెండు రోజులు నా గోడకి అతుక్కుపోయాడు. పంతొమ్మిదో పట్టీకి ఒక మూల పురుగు కొట్టింది, అది కూడా రాయించాడు. టైపు టీచరమ్మ భవనం కథంతా కొట్టి, మూడు కాపీలు తీసింది. నేను బైండు చేశాను, ఎర్ర కాలికో గుడ్డ అట్ట, గుండ్రటి వీపు. అధికారులు విసిరేసినా విడిపోని బైండింగు.

మొన్న సోమవారం తమాషా జరిగింది. గడువుకి ముందే మమ్మల్ని బెదరగొడదామని మీవాళ్లు కరెంటు తీసేయించారు. తీసినవాడు చాలాసేపు వీధిలోనే నిలబడి చూశాడు, మేము ఏడుస్తూ బయటికి వస్తామని కాబోలు. టైలరు మామయ్యది కాలితో తొక్కే మిషను. టీచరమ్మవి వేళ్లతో కొట్టే మిషన్లు. తాతగారు కిటికీ వెలుతురులోనే పని చేస్తాడు. నా ప్రెస్సు చేత్తో తిప్పేది. ఈ భవనంలో కరెంటు లేకపోతే ఆగే పని ఒక్కటీ లేదురా! టీచరమ్మ కిటికీలోంచి తల బయటపెట్టి, "ఇంకేమైనా తీసుకెళ్తారా బాబూ?" అని అడిగింది. మర్నాటి నుంచి అందరం తెల్లారగానే పని మొదలుపెడుతున్నాం, అంతే తేడా.

వీధిలో కొందరు మాకు పిచ్చి పట్టిందంటున్నారు. పడితే పట్టనీ. ఎవరైనా పుస్తకం చేతికిస్తే నేను ముందు విప్పి చూస్తాను, కుట్టు ఎక్కడ పోయిందో, అట్ట ఎక్కడ ఊడిందో. చూడకుండా చెత్తబుట్టలో వేసే హక్కు నాకు లేదు. నా భవనాన్ని చూడకుండా పారేసే హక్కు వాళ్లకి ఎవరిచ్చారు? చూసి, కొలిచి, కూలుతుందని రుజువు చేస్తే నేనే ముందు దిగుతాను. చూడకపోతే మాత్రం నన్ను మోసుకెళ్లాల్సిందే, ప్రెస్సుతో సహా. నా ప్రెస్సు బరువు నీకు తెలుసు.

రాసినవాడి పేరు నాకు ఇక అక్కర్లేదు. వెతకడం మానెయ్. ఇరవై నాలుగున పదింటికి విచారణ. ఆ మనిషి వస్తే మంచిది, రాకపోతే కాగితాలే మాట్లాడతాయి.

నిద్ర పట్టడం లేదన్నావు. వేళకి తిను.

నీ అక్క

*

జులై 19

ప్రియమైన అక్కకు,

ఈ ఉత్తరం నాలుగుసార్లు చింపి అయిదోసారి రాస్తున్నాను.

ఆ రిపోర్టు రాసింది నేనే.

ఫైలు మీద స్థలం నంబరుంది, వీధికి కొత్త పేరుంది, నీ ఉత్తరాల మీద నేను రాసేది పాత పేరే. నేను ఉన్నప్పుడు పసుపు గోడ, ఫోటోలో నీలం, ఆ గదికి వచ్చి ఎన్నేళ్లయిందో. నేను వచ్చేసేనాటికి పైన పదో పదకొండో పట్టీలు, ఫోటోలో నిలువునా తెల్లటి వరస. ఇవన్నీ సాకులు. ఆ గిన్నె పట్టుకున్న చేత్తోనే "కప్పిపుచ్చుతున్నారు" అని రాశాను. లోపలికి వెళ్లి చూడాలన్న నియమం ఉంది. చూసినట్టు గడిలో టిక్కు పెట్టాను.

అది తెలియక చేసిన తప్పు. నీ మొదటి ఉత్తరం చదివాక తెలిసింది. తెలిసి కూడా నీకు కొత్త మార్కెట్టులో గది చూస్తానని రాశాను. నువ్వు వచ్చేస్తే ఇది నాకు తప్ప ఇంకెవరికీ తెలియకుండా పోతుందనుకున్నాను. నిన్ను గదిలోంచి లాగేసి నా తప్పు దాచుకుందామనుకున్నాను. దీనికి సాకు లేదు.

పై అధికారితో చెప్పాను. "నోరు మూసుకో, విచారణలో వాళ్లు నెగ్గితే నెగ్గుతారు, నువ్వు చూడకుండా రాశానని ఒప్పుకుంటే నీ ఉద్యోగానికే ఎసరు" అన్నాడు. నేను వస్తాను. అందరి ముందు నోరు పెగులుతుందో లేదో తెలియదు. నాకు నాన్నంత ధైర్యం లేదు, నీ అంత అసలే లేదు.

క్షమించమని అడగను.

తమ్ముడు

*

జులై 26

ఒరేయ్ జిగురుగా,

నీ ఉత్తరం విచారణకి ముందు రోజే అందింది. విప్పలేదు. ప్రెస్సు పలకల మధ్య పెట్టి, బిగించేసి, పని చూసుకున్నాను. చెప్పదలిస్తే నలుగురిలో చెప్తాడు, లేకపోతే నా చెవిలో చెప్పి ఏం లాభం అనుకున్నాను.

నువ్వు చెప్పావు. ఆ పెద్ద బల్ల ముందు నిలబడి, చొక్కా చెమటతో వీపుకి అంటుకుపోయి, "గోడ చూడకుండా రాసింది నేనే, చూసినట్టు టిక్కు పెట్టింది కూడా నేనే" అన్నావు. మీ పై అధికారి ముఖం మాడిపోయింది. తాతగారికి వినబడక "ఏమన్నాడు? ఏమన్నాడు?" అని అరిస్తే, నువ్వు ఆయన వైపు తిరిగి ఇంకోసారి, ఇంకా గట్టిగా చెప్పావు. నర్సు ముసలావిడ నా చేయి గట్టిగా పట్టుకుంది. ఆవిడ వేళ్ల గుర్తులు ఇంకా ఉన్నాయి.

నువ్వు వెళ్లిపోయాక ఉత్తర్వు చదివారు. కూల్చివేత ఆపారు. బయటి ఇంజనీరు వచ్చి, లోపల నిలబడి, గాజు పట్టీలు పెట్టి ఏడాది చూడాలట. ఏడాది! మనకి ఏడాదులు అలవాటేగా. అప్పటిదాకా ఎవ్వరూ ఖాళీ చేయనక్కర్లేదు. కరెంటు నిన్న ఇచ్చేశారు, టీచరమ్మ "ఎందుకు శ్రమపడ్డారు" అంది.

ఇప్పుడు నీకు తెలియని ఇంకో సంగతి. నాకు మొదటి రోజే తెలుసు.

నోటీసు వెనక సంతకం చూడగానే పోల్చుకున్నాను. చివరి గీత వెనక్కి తిప్పి, కింద నుంచి లాగి, ముడివేసినట్టు ఆపుతావు. బైండింగు దారం ముడి అది. అచ్చాఫీసు చిత్తుకాగితాల మీద నీకు సంతకం నేర్పింది నేను కాదూ? లోకంలో ఇంకెవడూ అలా పెట్టడు. అక్కడే మెట్ల మీద కూర్చుండిపోయి, రాసినవాడెవడో కనుక్కోమని నీకే రాశాను. నువ్వు చెప్తావనుకున్నాను. కొత్త మార్కెట్టులో గది అని జవాబు వచ్చిన రోజు, రిపోర్టు చదివినప్పుడు కూడా రాని ఏడుపు వచ్చింది. నువ్వు పేరు దాచుకోవడానికి నన్నే సర్దేయాలని చూశావు. అది నేను మర్చిపోను. మర్చిపోయానని ఎప్పుడూ అనను కూడా.

కానీ కత్తి కింద పెట్టమని రాసింది కూడా నువ్వే. ఆ పదకొండూ గీకేసి ఉంటే నీ రిపోర్టే నిలబడేది, నిన్ను వేలెత్తి చూపేవాడు ఉండేవాడు కాదు. ఆ సంగతి నీకు తెలుసు. తెలిసి ఆపావు. ఆ ఉత్తరం చదివాకే నీ పేరు ఇక అక్కర్లేదని రాశాను.

ఉద్యోగం ఏమవుతుందో రాయి. పోతే పోనీ, నాకు కుట్టుపనికి ఒక మనిషి కావాలి, మొదట నీకు సూది పట్టుకోవడం మళ్లీ నేర్పాలి. మరదలికి చెప్పు, తల దించుకోవాల్సిన పనేమీ లేదు.

ఇదంతా సరే, నాకు నీ మీద అసలు కోపం ఇంకోటుంది. విచారణ అయ్యీ అవకముందే తలవంచుకుని రైలెక్కేశావు. ఇంతదూరం వచ్చి, మెట్లెక్కి గోడ చూడలేదు. ఇప్పుడు కూడా చూడకుండానే పోయావురా!

ముప్పై ఒకటో తారీకు వస్తోంది. కాగితం కత్తిరించి పెట్టాను. ముప్పై తొమ్మిదో పట్టీ ఈసారి నేను అంటించను. చిరిగినవాటి మీద కొత్తది వేయను, అవి అలాగే ఉంటాయి, దీని చోటు కింద నేలకి మూరెడు ఎత్తున ఉంది. నా మోకాళ్లు వంగవు, నువ్వే కూర్చోవాలి. తారీకు నీ చేత్తో వెయ్యి, కింద ఆ సంతకం పెట్టు.

జిగురు ముప్పయ్యిన సాయంత్రం ఉడకబెడతాను. ఒక రోజుకి మించి నిలవ ఉండదు.

నీ అక్క